కేసు కాగితాల కొలువుకు మూడు ఇంటర్వ్యూలు

కడపలో నా మొదటి ఇంటర్వ్యూలో అడిగినవి మూడే ప్రశ్నలు. పేరేమిటి, ఏం చదివినావు అన్న రెండింటికీ తడబడకుండానే చెప్పాను. మూడోది ఇది.

"మగవాళ్ళ రోగాలు కూడా చదివి రాయాల్సి వస్తుంది. చదువుతావా?"

అడిగినాయన గొంతు పెద్దది. గది కిటికీ తెరిచి ఉంది. కిటికీ బయట ఎండలో మా నాయన నిలబడి ఉన్నాడు. గోడ పక్కన బెంచీ ఖాళీగానే ఉంది గానీ ఆయన కూర్చోలేదు. ఆఫీసుల బెంచీల మీద ఆయన ఎప్పుడూ కూర్చోలేదు. తువ్వాలు భుజం మీద నుంచి తీసి చేతిలో పట్టుకుని కిటికీ వైపే చూస్తున్నాడు. ఆ ప్రశ్న ఆయనకు వినబడిందని నాకు తెలుసు.

నేను తల వంచుకున్నాను.

"చదువుతావా, లేదా?"

జవాబు నా దగ్గర లేక కాదు. మిషన్ బోర్డింగు స్కూల్లో ఉన్నప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు పక్కనున్న మిషన్ ఆసుపత్రిలో కట్లగుడ్డలు చుట్టేదాన్ని, రోగుల ఇండ్లకు ఉత్తరాలు రాసిపెట్టేదాన్ని. డాక్టరమ్మ రాతను చదవడం అక్కడే అలవాటైంది. మగవాళ్ళ రోగాలేమిటో, ఆడవాళ్ళ రోగాలేమిటో నాకు తెలియనివి కావు. కానీ నాయన వింటుండగా 'చదువుతాను' అనడానికి నోరు రాలేదు. లోపల కూర్చున్నాయన మూడోసారి అడగలేదు. "సరే, పోమ్మా" అన్నాడు.

బయటికి వచ్చాక నాయన అడిగాడు.

"ఏమడిగినారు పాపా?"

"లెక్కలడిగినారు నాయనా."

"చెప్పినావా?"

"కొన్ని."

ఆయన తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు. ఇద్దరం వేంపల్లె బస్సు ఆగేచోటికి నడిచాం.

ఆ ఉద్యోగమేమిటో ఇప్పటివాళ్ళకు చెప్పాలి. మా వైపు అప్పట్లో నారికురుపు శానా ఉండేది. దిగుడు బావుల్లో నీళ్ళు తాగినవాళ్ళకు కాలిలో నుంచి దారంలాంటి పురుగు బయటికి వచ్చేది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెం లాగేవాళ్ళు. కె.సి. కాలువ పక్క ఊళ్ళలో చలిజ్వరాలు. ఎండాకాలం వస్తే కలరా. ఏ ఊళ్ళో ఏ రోగం ఎంత ఉందో తేల్చాలంటే ఆసుపత్రుల్లో మూటలు కట్టి పడేసిన పాత కేసు షీట్లు అన్నీ ఒకరు చదవాలి. ఒక్కో రోగి ఎవరు, ఏ ఊరు, ఏం బాధతో వచ్చాడు, చివరికేమయ్యాడు అన్నది ఒక అచ్చు కాగితంలో నాలుగు వరుసలకు కుదించి రాయాలి. అందుకు ఇంగ్లీషు వచ్చిన గుమాస్తాలు కావాలని ప్రకటన వేశారు. మా ఊళ్ళో ఎస్సెల్సీ ప్యాసైన ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఒకటిన్నర ఎకరం చేను, ఏడాదికి ఆరు నెలలు పక్కవాళ్ళ చేలల్లో కూలి, ఇదీ మా ఇల్లు. నన్ను చదివించినందుకు నాయనను ఎగతాళి చేసినవాళ్ళు ఊళ్ళో తక్కువేమీ లేరు.

కడప నుంచి 'ఎంపిక కాలేదు' అని ఉత్తరం వచ్చిన రోజు, నాయన చదివి చెప్పమన్నాడు. చదివి చెప్పాను. ఆ కాగితాన్ని మడిచి బైబిల్లో పెట్టమన్నాడు. "కాని కాగితమైనా గవర్నమెంటు కాగితమే" అన్నాడు.

నాలుగు నెలలకు కర్నూలు నుంచి పిలుపు వచ్చింది. అదే పని. మా చర్చి అయ్యగారు పత్రిక చూసి నా చేత దరఖాస్తు పెట్టించారు. కర్నూలు అప్పుడు కొత్త రాష్ట్రానికి రాజధాని. పొద్దున కడపలో బస్సెక్కితే మైదుకూరు, ఆళ్ళగడ్డ, నంద్యాల దాటి చీకటి పడేవేళకు దిగాం. ఊరంతా గుడారాలు. ఆఫీసులు గుడారాల్లో, గుమాస్తాలు గుడారాల్లో. ఉండడానికి గది దొరికేది కాదు. అయ్యగారు రాసిచ్చిన చీటీ చూపిస్తే ఒక చర్చి వసారాలో చాపలిచ్చారు. పొద్దున హంద్రి ఏటి ఇసుకలో చెలమ నీళ్ళతో ముఖాలు కడుక్కుని ఆసుపత్రికి నడిచాం.

వరండాలో ఆరుమందిమి. నేను తప్ప అందరూ మగవాళ్ళు. వాళ్ళలో నలుగురు కుర్రవాళ్ళు, ఇస్త్రీ చొక్కాలు. ఆరో ఆయన యాభై ఐదు దాటిన సాయిబు. రంగు వెలిసిన షేర్వాణీ, ఒక పక్క దారంతో కట్టుకున్న కళ్ళద్దాలు, ఒళ్ళో గుడ్డమూట. ఆయన కూడా ఇంటర్వ్యూకే వచ్చాడంటే నేను మొదట నమ్మలేదు. ఎవరినో చూపించుకోవడానికి వచ్చాడనుకున్నాను.

"కూచో బేటీ" అన్నాడు, మూట దగ్గరికి లాక్కుని చోటిస్తూ. "నిలబడుకుంటే పిలుపు తొందరగా రాదు."

కూర్చున్నాను. ఇంతకుముందు యాడైనా పోయినావా అని అడిగాడు. ఎందుకో తెలియదు, మా నాయనకు చెప్పనిది ఆయనకు చెప్పాను. కడపలో ఏమడిగారో, నేనెట్లా నోరు మూసుకున్నానో అంతా చెప్పాను. ఆయన నవ్వలేదు.

తన సంగతి చెప్పాడు. కర్నూలు జిల్లాలోనే ఒక చిన్న ఊళ్ళో పెద్దింటివాళ్ళు ఎప్పుడో పెట్టిన ధర్మాసుపత్రిలో ముప్పై ఏండ్లు కాంపౌండరు. మందు కలిపేదీ ఆయనే, రిజిస్టరు రాసేదీ ఆయనే. అంతా ఉర్దూలో. రెండేండ్ల కిందట ఆ ఆసుపత్రి మూతపడింది.

"ఆడోళ్ళ కాన్పులు గూడా నేనే రాసినా. పరదాకు ఇవతల కూచుంటే, లోపల నుంచి మంత్రసాని చెప్తాంటే రాసేవాణ్ణి. మొదట్లో చెవులు ఎర్రగయ్యేవి. రోగమొచ్చినోళ్ళే సిగ్గు ఇడిసిపెట్టి చెప్పుకుంటాండారు, రాసేవానికి ఏమొచ్చిందని నేనూ ఇడిసిపెట్టినా."

మూట విప్పి ఒక పాత కాగితం తీశాడు. ఆ ఉర్దూ అక్షరాల మీద వేలు పెట్టి చూపిస్తూ చెప్పాడు.

"కాగితం చేతికియ్యంగనే చదువుకుంటా పోవద్దు. వాడు ఏం చెప్పుకున్న్యాడు? డాక్టరు ఏం చూసినాడు? ఏం చేసినాడు? వాడు ఏమైపోయినాడు? ఈ నాలుగు యాడుండాయో ఎతుక్కో. ఒకోసారి వాడు చెప్పేదొకటి, డాక్టరు చూసేదొకటి ఉంటాది. నువ్వు తీర్పు చెప్పొద్దు. రెండూ రాయి. కాగితంలో లేంది నీ తలకాయలో నుంచి తెచ్చి రాయొద్దు."

ఇంకా శానా చెప్పాడు. మందుల పేర్లకు పొట్టి రాతలు, రోజుకు రెండుసార్లు మూడుసార్లు అనడానికి డాక్టర్లు రాసే గుర్తులు, 'తన ఇష్టం మీద వెళ్ళాడు' అని రాస్తే అర్థమేమిటో. కుర్రవాళ్ళలో ఒకడు మాటలు వింటూ దగ్గరికి జరిగాడు. ఆయన గొంతు తగ్గించలేదు. అతనికీ వినబడేట్టే చెప్పాడు.

లోపలికి ఆయనను నాకంటే ముందు పిలిచారు. తలుపుకు పరదా ఒకటే అడ్డం. అన్నీ వినబడుతున్నాయి. కాగితమిచ్చి చదవమన్నారు. మెల్లగా, ఒక్కో మాట కూడబలుక్కుంటూ ఇంగ్లీషులో చదివాడు. తప్పు లేదు. సారాంశం రాయమన్నారు.

"హుజూర్, ఉర్దూలో రాసి తెలుగులో చెప్తా. ఇంగ్లీషు రాయాలంటే నాకు టైము పడుతుంది" అన్నాడు.

"ఉర్దూలో రాస్తే ఎవరు చదువుతారయ్యా?" అని ఎవరో అన్నారు. నవ్వులు వినబడ్డాయి. తర్వాత వయసు అడిగారు. చెప్పాడు. "ఇంత వయసులో గవర్నమెంటు కొలువు ఎట్లా ఇస్తారనుకున్నారు?" అన్నారు. 

బయటికి వచ్చినప్పుడు ఆయన ముఖం వైపు చూడలేకపోయాను. ఆయనే నా దగ్గర ఆగాడు.

"తరువాత నిన్నే పిలుస్తారు. ఎడం పక్క కూచున్న్యాయన డాక్టరు. ఆయప్పను చూసి చెప్పు. మిగిలినోళ్ళు నవ్వేవాళ్ళు."

లోపలికి పోయాను. నాకిచ్చిన కేసు షీటులో పేరు మీద చీటీ అంటించి ఉంది. ముప్పై ఏండ్ల మనిషి. రాళ్ళ మీద జారి పడినానని చెప్పుకున్నాడు. డాక్టరు చూసింది మాత్రం ఎడమ ముంజేతి మీద రెండు, కుడి భుజం మీద ఒకటి, అంచులు తేటగా తెగిన లోతు గాయాలు. కుట్లు వేశారు. పదకొండో రోజు పొద్దున మంచం ఖాళీగా ఉంది. ఎవరికీ చెప్పకుండా పోయాడు.

మా వైపు పుట్టినదానికి ఆ మూడు గాయాల సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. చెయ్యి అడ్డం పెట్టినవాడికి ముంజేతి మీదనే పడతాయి. అయినా నేను నాలుగు వరుసలు రాసి ఇచ్చాను. ఎడం పక్క ఆయన చదివాడు. కృష్ణా వైపు మాట ఆయనది.

"పడితే చెయ్యి ఇలా తెగుతుందా అమ్మా?"

"తెగదు సార్."

"మరి కొడవలి దెబ్బలని రాయలేదేం? మీ ఊళ్ళల్లో ఇవి తెలియనివి కావుగా."

"తెలుసు సార్. అయితే కాగితంలో లేదు. ఆయన పడినానన్నాడు, డాక్టరు తెగిన గాయాలు చూసినాడు. రెండూ రాసినా. మధ్యలో ఏముండాదో చదివేవాళ్ళు చూసుకుంటారు."

'ఉండాది' అన్న మాటకు చివర కూర్చున్నాయన చిన్నగా నవ్వాడు. డాక్టరు నవ్వలేదు. కాగితం మళ్ళీ చదివాడు.

"అన్ని రకాల రోగాలూ చదవాలి. ఇబ్బంది లేదా?"

"చెప్పుకున్నోళ్ళకు లేని సిగ్గు రాసేదానికి నాకెందుకు సార్."

"బాగా చెప్పావు. ఎవరు నేర్పారమ్మా నీకు ఇదంతా?"

పరదా అవతల ఆయన ఉన్నాడు. 'బయట కూర్చున్న తాత నేర్పినాడు' అంటే సరిపోయేది. ఒక్క వాక్యం. కానీ అది చెబితే నా జవాబులు నావి కావని అంటారేమోనని భయపడ్డాను. ఇంకో మాట కూడా ఉంది, ఇన్నేళ్ళకు దాచడమెందుకు. ఆయన పేరు ఎత్తితే ఆయనను మళ్ళీ లోపలికి పిలుస్తారేమో అనిపించింది.

"మిషన్ ఆసుపత్రిలో సార్" అన్నాను.

బయటికి వచ్చేసరికి ఆయన, మా నాయన మెట్ల మీద కూర్చుని ఉన్నారు. నాయన తెచ్చిన వేయించిన శెనక్కాయలు ఇద్దరి మధ్య తువ్వాలు మీద పోసుకుని, ఒలుచుకుని తింటూ వానల గురించి మాట్లాడుకుంటున్నారు. ఆ రోజు నాయన మెట్ల మీదైనా కూర్చున్నాడని అప్పుడు గమనించలేదు.

"అయిందా బేటీ?" అని ఆయన అడిగాడు. అయిందన్నాను. "మంచిది" అని మూట భుజాన వేసుకుని లేచాడు. మా నాయనకు సలాం చెప్పి బస్టాండు వైపు నడిచిపోయాడు.

నాకు ఆర్డరు వచ్చింది. కర్నూల్లో ఒక చర్చి వాళ్ళ ఆడపిల్లల హాస్టల్లో చోటు దొరికింది. పని నాకు నచ్చింది. పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు వరకు, కిటికీ పక్క బల్ల, నా ఎడమ చేతి వైపు చదవని మూటలు, కుడి చేతి వైపు చదివినవి. మనుషులు రోజూ నా బల్ల మీది నుంచి పోతుండేవాళ్ళు. కొందరు బాగయ్యి, కొందరు కాక. మొదటి నెలల్లో మధ్యాహ్నం అన్నం సరిగా దిగేది కాదు. తర్వాత అలవాటైంది. అలవాటైనందుకు ఒకసారి బాధ కూడా పడ్డాను.

ఏడాది కాకముందే ఒక లారీలో పదమూడు గోనెసంచులు వచ్చాయి. మూతపడిన ఒక ధర్మాసుపత్రి రిజిస్టర్లని చెప్పారు. విప్పి చూస్తే అన్నీ ఉర్దూ. ఇంటర్వ్యూలో ఎడం పక్క కూర్చున్న డాక్టరే మా పైఅధికారి. ఆయన ఒకటి తిరగేసి మూశాడు.

"మనవాళ్ళెవరికీ రాదు. ఉర్దూ మునిషీని పెడితే రోగాల పేర్లు తెలియవు. కట్టి మూల పడేయించు."

ఆ అక్షరాలు నేను చూసినవే. వేలు పెట్టి చూపించిన చేతిని కూడా మరిచిపోలేదు.

"ఒకాయనకు తెలుసు సార్" అన్నాను. "నాతోపాటు ఇంటర్వ్యూకు వచ్చిన పెద్దాయన. ఇవి రాసిందే ఆయన."

డాక్టరుకు గుర్తు రాలేదు. పాత దరఖాస్తుల ఫైలు తీసి విలాసం వెతికి కార్డు రాశాను. వారానికి ఆయన వచ్చాడు. అదే షేర్వాణీ. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "బాగుండావా బేటీ, నాయన బాగుండాడా" అని అడిగాడు.

నా గదిలోనే డాక్టరు ఆయనకు రెండో ఇంటర్వ్యూ చేశాడు. నేను చూసిన మూడో ఇంటర్వ్యూ అది. ఒక రిజిస్టరు చేతికిచ్చి ఎక్కడైనా తెరిచి చదవమన్నాడు. ఆయన నిలబడే చదివాడు. కళ్ళు ఉర్దూ వరుస మీద కుడి నుంచి ఎడమకు పోతుంటే నోట్లో నుంచి తెలుగు వస్తోంది. మనిషి, వయసు, ఊరు, నారికురుపు, కుడి చీలమండ, పురుగు ఎన్ని రోజులకు బయటికి వచ్చింది, ఏ బావి నీళ్ళు తాగేవాడు. పేజీ తిప్పాడు. మళ్ళీ నారికురుపు, అదే ఊరు, అదే బావి.

"బావి కూడా రాశారా?" అని డాక్టరు అడిగాడు.

"అడిగేవాణ్ణి హుజూర్. ఊరికే."

డాక్టరు లేచి కుర్చీ లాగి ఆయన పక్కన వేశాడు. "కూర్చుని చదవండి" అన్నాడు. ఉద్యోగం ఇవ్వలేనని, వయసు రూలు తాను మార్చలేనని, దినకూలి మీద పెట్టుకోగలనని చెప్పాడు. ఆయన సరేనన్నాడు.

రెండు నెలలకు పైగా ఆయన చదివితే నేను రాశాను. ఆ రిజిస్టర్లలో నుంచి తీసిన బావుల పట్టిక చూసి కొన్ని ఊళ్ళల్లో మెట్లు మూయించి, చుట్టూ గోడ కట్టించి గిలకలు పెట్టించారు. ఆ పట్టిక కింద ఆయన పేరు లేదు. నా పేరూ లేదు.

ఒక రోజు మధ్యాహ్నం చదువుతూ చదువుతూ ఆగిపోయాడు. కళ్ళు కనబడలేదేమో అనుకున్నాను. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది ఎట్ల రాస్తావు?" అన్నాడు.

"చదువు తాతా, రాస్తా."

"పిల్ల. పద్నాలుగేండ్లు. పెద్దింట్లో పనిమనిషి. జ్వరం. మూడో రోజు మృతి."

రాశాను. తర్వాతి వరుస కోసం చూశాను. ఆయన చదవలేదు.

"జ్వరం కాదు" అన్నాడు.

నేను కలం కింద పెట్టాను.

"ఒళ్ళంతా దెబ్బలుండె. చీరె గుడ్డలో చుట్టి తెచ్చినారు. అప్పటి డాక్టరు జ్వరమని రాయమన్న్యాడు. ఆసుపత్రి పెట్టిందే ఆ ఇంటోళ్ళు. నాకు పెండ్లయి ఏడాది. రాసినా. మూడు దినాలు బతికింది. నీళ్ళు నేనే తాపిచ్చినా. నీళ్ళు తాగేటప్పుడు గూడా నా దిక్కే చూసేది, నేనేదో చేస్తానని."

 బయట ఎవరో రోగి బంధువు బొగ్గుల కుంపటి మీద గంజి కాస్తున్నాడు, ఆ వాసన వస్తోంది. ఇప్పుడు నా సంగతి చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పలేననిపించింది.

"తాతా, ఆ పొద్దు లోపల డాక్టరు ఎవరు నేర్పినారని అడిగితే మిషన్ ఆసుపత్రి అని చెప్పినా. నీ పేరు చెప్పలేదు."

"తెలుసులే" అన్నాడు. "పరదానే కదా అడ్డం."

"తెలిసీ మా నాయనతో కూచుని శెనక్కాయలు తిన్నావా?"

"నీ మాట తప్పు. మీ నాయన శెనక్కాయలేం చేసినాయి?" అన్నాడు. కొంచెం నవ్వబోయి ఊరుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "నాకు ఆ పొద్దు కోపం రాలేదని చెప్పను. వచ్చింది. బస్సులో శానా దూరం ఉండె. అయితే నీది నా కడుపు మీద కొట్టిన మాట. నాది చచ్చిపోయిన పిల్ల మీద రాసిన మాట. రెండూ ఒకటి కాదు బేటీ."

ఆ వరుస ఎట్లా రాయాలన్నది తేలలేదు. కాగితంలో జ్వరమనే ఉంది. కాగితంలో లేనిది రాయకూడదు. రాసిన మనిషి నా ఎదురుగా కూర్చుని కాదంటున్నాడు. చివరికి అచ్చు కాగితంలో జ్వరమనే ఉంచాం. వేరే తెల్లకాగితం మీద ఆయన ఉర్దూలో జరిగినదంతా రాసి సంతకం చేశాడు. కింద నేను తెలుగులో రాసి నా సంతకం పెట్టాను. రెండూ తీసుకుని డాక్టరు దగ్గరికి పోయాం.

డాక్టరు రెండుసార్లు చదివాడు.

"ఆ ఇంట్లో వాళ్ళు ఇప్పుడున్నారా?"

"కొడుకులుండారు. చేసినాయన పోయినాడు. రాయమన్న డాక్టరూ పోయినాడు" అన్నాడు తాత. "నేనే మిగిలినా."

"ఇప్పుడు దీనితో ఏం చేయమంటారు?"

"ఏం చేయమనను హుజూర్. ఉండనీండి."

డాక్టరు ఆ రెండు కాగితాలూ మడిచాడు. ఇది సారాంశంలో చేర్చడానికి వీల్లేదని, తనకు ఆ అధికారం లేదని చెప్పాడు. కానీ చింపనన్నాడు. ఆ రిజిస్టరులో ఆ పేజీ దగ్గరే పెట్టి, తానే దారంతో కట్టాడు. అంతకుమించి ఏమీ జరగలేదు. పోలీసులు రాలేదు, ఎవరూ ఎవరినీ అడగలేదు. ఆ పిల్లకు అమ్మానాయనలు ఎవరైనా ఉండిరా అని నేను తాతను అడిగాను. యానాది పిల్లో, ఎరుకల పిల్లో, ఎవరో తెచ్చి వదిలిపోయారని మాత్రం తెలుసన్నాడు.

మిగిలిన రిజిస్టర్లు పది రోజుల్లో అయిపోయాయి. ఆ పది రోజులు ఆయన గొంతు తగ్గించి చదివాడు. ఆఖరి రోజు గోనెసంచుల మూతులు తానే కుట్టి, దబ్బనం నా బల్ల మీద పెట్టి, "పోయొస్తా బేటీ" అన్నాడు. బస్టాండు దాకా వస్తానంటే వద్దన్నాడు.

తర్వాత రాజధాని హైదరాబాదుకు పోయింది. గుడారాలు పీకేశారు. లారీల్లో బీరువాలు, ఫైళ్ళు, రికార్డులు కట్టలు కట్టలుగా పోయాయి. మా రిజిస్టర్లలో ఏవి పోయాయో, ఏవి ఇక్కడే గోడౌనులో పడ్డాయో నాకు చెప్పినవాళ్ళు లేరు.

మరుసటి ఏడు ఎండలు ముదిరాక ఒక కార్డు వచ్చింది. తాత పోయాడని ఆయన ఇంటివాళ్ళు ఎవరి చేతనో తెలుగులో రాయించారు. రెండే వాక్యాలు. ఒక శనివారం సెలవు పెట్టి పొద్దున బస్సుకు ఆ ఊరికి పోయాను. బండలు పరిచిన సందు, చివర చిన్న ఇల్లు. ఆయన భార్య తలుపు తీసింది. నేనెవరో చెబితే లోపలికి పిలిచి చాప వేసింది. కుండలో నీళ్ళు ముంచి ఇచ్చింది. తాగాను. ఆయన చివరి రోజులు చెప్పింది. జ్వరమేనట, వారం రోజులు. నేను ఆమె ముఖంలోకి చూశాను. ఆమె మామూలుగానే చెబుతోంది.

"కర్నూల్లో ఆయన కింద పని చేసింది నువ్వేనా అమ్మా?" అని అడిగింది.

అర్థం కాక చూశాను.

"గవర్నమెంటు ఆసుపత్రిలో రికార్డాఫీసరు కొలువు చేసినాడు గదా. ఇంటర్వ్యూకు పోయిన పొద్దే చెప్పినాడు, ఎంపికైనానని. ఏడాదికి గాని ఆర్డరు రాలేదంట. గవర్నమెంటు పని అట్లే ఉంటాదంట. ఒక పిల్ల ఉండాది, నా చేతికింద రాస్తాది, శానా తెలివైందని చెప్పేవాడు."

ఆ ఏడాది అంతా ఆమెకు ఆ మాటే చెబుతూ బతికాడన్నమాట. ఆ ఇంటర్వ్యూ రోజు బస్సులో శానా దూరం కోపంగా ఉండిందని నాతో అన్నాడే, ఆ దూరంలోనే ఎక్కడో ఈ మాట అల్లుకుని ఉంటాడు. ఆమె నా జవాబు కోసం చూస్తోంది.

"ఔ అవ్వా, నేనే" అన్నాను. "ఆయన చెప్తే రాసేదాన్ని."

"మంచిగా చూసుకున్న్యారా ఆయన్ని ఆడ?"

"డాక్టరు లేచి కుర్చీ వేసినాడు" అన్నాను.

ఆమె తల ఊపింది. పైట చెంగుతో ముఖం తుడుచుకుని, పొయ్యి దగ్గరికి పోయి కొర్రన్నం, పప్పు తెచ్చి నా ముందు పెట్టింది. ఎండన పడి వచ్చినావు, తిని పో అన్నది. తిన్నాను. మూడు గంటల బస్సుకు ఆమే సందు చివరిదాకా వచ్చి చెయ్యి ఎత్తి బస్సు ఆపింది.